జయకుమారి అరచేతులు

డాక్టరు ఉబ్బిన పొట్టను వదిలేసి అరచేతిని పట్టుకున్నాడు.

పక్కనే నిలబడ్డ స్తుతికి ఏమీ అర్థం కాలేదు. మంచం మీద తల్లి జయకుమారి పచ్చటి పైత్యం కక్కుతోంది. పొట్ట నిండు చూలాలి పొట్టలా బిగిసిపోయింది. నర్సు రెబ్కా ముక్కులోంచి గొట్టం దించుతోంది. ఇంత గొడవలో ఆ పెద్దమనిషి జయకుమారి చేతిని దీపం వెలుగులోకి లాక్కుని, చీర కొనేవాళ్ళు అంచు చూసినట్టు వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు.

“మాత్రలు ఎప్పుడు మానేశారు?” అన్నాడు.

“మానలేదు సార్,” అంది జెస్సీ. జెస్సీ స్తుతికి వదిన, జయకుమారికి కోడలు. “రెండు పూటలా నేనే ఇస్తున్నాను. అన్నం తినగానే నోట్లో వేసి నీళ్ళు తాగిస్తాను. ఒక్క పూట తప్పలేదు.”

డాక్టరు వార్డు అవతలి వైపుకు చూసి కేకేశాడు. “బుల్లయ్యా, ఒకసారి ఇట్లా రా.”

గుంటూరులోని ఆ క్యాన్సర్ ఆసుపత్రి కీమో వార్డులో బుల్లయ్యను ఎరగనివాళ్ళు లేరు. కనిగిరి వైపు పొగాకు రైతు. జీర్ణాశయంలో క్యాన్సర్. సెలైన్ స్టాండును దూడను తోలుకొచ్చినట్టు తోసుకుంటూ వచ్చాడు. డాక్టరు అతని చేతిని జయకుమారి చేతి పక్కన పెట్టాడు.

బుల్లయ్య అరచెయ్యి పాము కుబుసం విడిచినట్టు పొరలు పొరలుగా లేచిపోయింది. పగుళ్ళలో నెత్తురు చారలు. వేళ్ళ చివర్లు అద్దంలా నున్నగా ఉన్నాయి, ఒక్క గీత లేదు.

“ఇది ఆ మందు తింటున్న చెయ్యి,” అన్నాడు డాక్టరు. తర్వాత జయకుమారి చేతిని ఎత్తాడు. గీతలన్నీ తీర్చి దిద్దినట్టున్నాయి. “ఇది తినని చెయ్యి.”

“మా రేషను డీలరు నా వేలు మిషను మీద పెట్టించి నువ్వు బుల్లయ్యవి కావు పొమ్మంటాడండీ,” అన్నాడు బుల్లయ్య. “పండగలకు ముందు నుంచి నేను నేను కాదు. చచ్చినా మిషను ఒప్పుకోదేమో. అక్క చెయ్యి చూడండి, పసిపిల్ల చెయ్యి. అదృష్టవంతురాలు.”

డాక్టరు జెస్సీ వైపు తిరిగాడు.

“ఆ మాత్రలేవీ? చూపించండి.”

జెస్సీ సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: జయకుమారి. డాక్టరు మాత్ర ఒకటి తీసి గోటితో గీకాడు, విరిచాడు, వాసన చూశాడు.

“బలం బిళ్ళ. బి-కాంప్లెక్సు. ఈమెకు మూత్రం పసుపు నీళ్ళలా పోతోందా?”

జెస్సీ మొహం పాలిపోయింది. “పోతోంది సార్. కామెర్లేమోనని నాటు మందు కూడా...”

“కామెర్లు కాదు. ఇదే.” మాత్రను ట్రేలో పడేశాడు. “అసలు మందు సైజే, అదే రంగు. వెతికి వెతికి జత కుదిర్చారు. ఇది పొరపాటు కాదు.”

స్తుతిని వసారాలోకి తీసుకెళ్ళి మిగతాది చెప్పాడు. చలికాలంలో స్కాను తీసినప్పుడు కాలేయం మీద చింతగింజంత మచ్చ. పెద్దపేగులోని గడ్డను అప్పటికే కోసి తీసేశారు. మాత్రలకు ఆ మచ్చ కరుగుతూ వచ్చింది. ఇంకాస్త కరిగితే దాన్నీ కోసి తీసేద్దామనుకున్నారు.

“ఇప్పుడు మచ్చ లేని చోటు కోసం వెతకాల్సి వస్తోంది. పేగు కూడా మూసుకుపోతోంది.”

“మళ్ళీ మొదలుపెడితే సార్?”

“సెలైన్‌లో ఎక్కిస్తాను. కొన్నాళ్ళు తోస్తుంది. నయమవుతుందన్న మాట మాత్రం ఇక నా నోట రాదు.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇది పోలీసులకు చెప్పాల్సిన సంగతి, నేను చెప్తాను. ఈలోగా ఆమెను ఇంటికి పంపాలన్నా నాకు భయంగా ఉందమ్మా. మళ్ళీ ఆ చేతికే అప్పజెప్పినట్టవుతుంది. ఆ చెయ్యి ఎవరిదో మీరు తేల్చుకోండి.”

స్తుతి వార్డులోకి వచ్చేసరికి మార్క్ వచ్చి ఉన్నాడు. స్తుతి భర్త. కొత్తపేటలో మెడికల్ షాపు. జయకుమారి జబ్బు పడ్డ రోజు నుంచి కారులో తిప్పింది అతనే, మందు తెచ్చింది అతనే. “దేవుడు నాకు కడుపున ఒక కొడుకునిచ్చి, కూతురి చేత ఇంకో కొడుకునిచ్చాడు” అని ఆమె చర్చిలో అందరికీ చెప్పుకునేది.

మార్క్ విరిగిన మాత్రను వేళ్ళ మధ్య తిప్పాడు.

“ఇవి నేనిచ్చినవి కావు,” అన్నాడు నెమ్మదిగా. “నేను డబ్బాలో నింపి పంపింది అసలు మందు. ఊరెళ్ళాక డబ్బా ఎవరెవరి చేతుల్లో తిరిగిందో నేను చూడబోయానా?”

అందరి తలలూ జెస్సీ వైపు తిరిగాయి. ఆమె భర్త ప్రసన్నకుమార్ మాట కూడా అడగలేదు. లాగిపెట్టి కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదకు కారింది.

“మా అమ్మ దొడ్డి ఎత్తలేక విసిగిపోయావా? చెప్తే నేనెత్తేవాణ్ణి గదే.”

“అన్నయ్యా, ఆగు,” అంది స్తుతి. రెండో దెబ్బ అప్పటికే పడింది.

జయకుమారి ముక్కులో గొట్టంతో అంతా చూసింది. తర్వాత జెస్సీ తడిగుడ్డ తీసుకుని మూతి తుడవబోతే, ఆ బాగైన చేత్తో ఆమెను తోసేసి గోడ వైపు తిరిగిపోయింది.

*

జయకుమారి సగం జీవితం మిరప కోతలోనే గడిచింది. ప్రత్తిపాడు వైపు ఆ ఊళ్ళో ఆమెతో సమంగా కాయ కోసే మనిషి లేదని పేరు. కూలీగా మొదలై, మొగుడు పోయాక కూడా రెక్కల కష్టంతో రోడ్డు పక్కన ఎకరం చేను కొన్నది. కీమో మాత్రలకు అరచేతులు ఊడటం మొదలైనప్పుడు ఊరి ఆడవాళ్ళు మిరప మంట అనుకున్నారు. వెన్న రాశారు, మజ్జిగలో ముంచారు. లాభం లేదు. రేకులోంచి మాత్ర నొక్కి తీయడానికి కూడా వేళ్ళు సాగలేదు. అప్పుడే మార్క్ అన్నాడు, “ఎందుకత్తయ్యా తిప్పలు. షాపులోనే రేకులు ఒలిచి డబ్బాలో పోసి పంపిస్తాను” అని.

ఆ డబ్బాకు ఇంకో తిరుగుడు కూడా ఉంది. వాళ్ళ చర్చిలో ఆదివారం వచ్చేవాళ్ళంతా మందులు తెచ్చి ప్రభువు బల్ల మీద పెడతారు. బీపీ బిళ్ళలు, షుగరు బిళ్ళలు, ఆయాసం గొట్టాలు, అన్నీ రొట్టె పక్కనే. పాస్టరు క్రీస్తుదాసు వాటి మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తాడు. ఆశీర్వాదం అయ్యాక ఎవరివి వాళ్ళు తీసుకుపోతారు. జయకుమారి స్టీలు డబ్బా అన్నిటికన్నా ముందుండేది.

సంక్రాంతి దాటాక ఎకరం సంగతి వచ్చింది. ఆ చేను స్తుతికిస్తానని తల్లి పెళ్ళినాడే అన్నది. ప్రసన్నకుమార్ మాత్రం “అమ్మ బతికుండగా పంపకాలేంటి” అని దాటేస్తూ వచ్చాడు. పక్కన కోల్డ్ స్టోరేజీ పెట్టేవాళ్ళు ఆ స్థలం అడుగుతున్నారని, వేసవి దాటితే వేరే చోటు చూసుకుంటారని మార్క్ తొందరపెట్టాడు. స్తుతి స్కూల్లో పాఠాలు వదిలి రాలేక, మార్క్ ఒక్కడే జయకుమారిని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళాడు. మిషను మీద పది వేళ్ళూ పెట్టించారు. ఒక్కటీ పడలేదు. కంటిపాప చూపిద్దామంటే రెండు కళ్ళలోనూ శుక్లాలు. తిరిగొచ్చేశారు.

ఆ తర్వాతే వింత జరిగింది. ఈస్టర్‌కు ముందు శ్రమకాలం ఉపవాసాలు నడుస్తుండగా జయకుమారి అరచేతుల్లో కొత్త చర్మం వచ్చింది. పగుళ్ళు పూడాయి. గీతలు తిరిగొచ్చాయి. ఈస్టర్ ఆరాధనలో ఆమె సాక్ష్యానికి లేచి, రెండు చేతులూ పైకెత్తి తిప్పి చూపించింది. “చచ్చిపోయిన చేతుల్ని ప్రభువు లేపాడు. లోపలి రోగాన్నీ లేపేశాడు” అంది. జనం ఏడ్చారు. స్తుతి కూడా ఏడ్చింది. మర్నాడే రిజిస్ట్రారు ఆఫీసులో బొటనవేలు ఒక్క దెబ్బకు పడింది. ఎకరం స్తుతి పేరు మీదకొచ్చింది.

చేతులు బాగైతే రోగం బాగైనట్టే అనుకున్నారు అందరూ. ఆ చేతుల్ని పాడుచేసేది రోగం కాదని, దాన్ని చంపే మందని ఎవరికీ తట్టలేదు. డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజు వస్తే మార్క్ “ఫోన్లో మాట్లాడాను, అవే మాత్రలు వాడమన్నారు” అనేవాడు. నమ్మారు.

*

స్తుతి ముందు పాస్టరునే అనుమానించింది. ఆయన మీద పాత మచ్చ ఉంది. ఒకప్పుడు క్షయ మందు మానిపించి ఒకతన్ని ప్రార్థనకే పరిమితం చేశాడని, అతను పోయాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఈస్టర్ సాక్ష్యం తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో జనం వస్తున్నారు.

చర్చి అరుగు మీద క్రీస్తుదాసు కొత్త స్పీకరు పెట్టెకు వైరు బిగిస్తున్నాడు.

“వందనాలు అయ్యగారూ.”

“వందనాలు స్తుతమ్మా. రా. ఎందుకొచ్చావో తెలుసు. పొద్దున్నే మీ అన్న కర్ర పట్టుకునొచ్చి తిట్టిపోయాడు.”

“డబ్బా మీ బల్ల మీద ఉండేది.”

“ఉండేది. అందరి డబ్బాలూ ఉండేవి. మూత తీసి చూసే అలవాటు నాకు లేదు.” స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. “ఒకతని విషయంలో తప్పు చేశాను. అతని పిల్లలు ఇప్పటికీ నా మొహం చూడరు. ఆ రోజు నుంచి ఎవరి మందూ మానమని చెప్పలేదు. నమ్మకపోతే నీ ఇష్టం.”

“మరి ఆ సాక్ష్యంతో లాభపడింది మీరేగా.”

పాస్టరు స్పీకరు పెట్టె మీద తట్టాడు. “లాభమంటే ఇదీ. నాకొక స్పీకరొచ్చింది. నీకు రోడ్డు పక్క ఎకరమొచ్చింది. ఎవరి లాభం పెద్దదో నువ్వే చెప్పు తల్లీ.”

స్తుతికి చెంప మీద కొట్టినట్టయింది. చెప్పులు వేసుకుని అరుగు దిగింది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి తల్లికి సెలైన్‌లో కీమో ఎక్కిస్తున్నారు. గొట్టం ద్వారా కడుపులోది కొంత లాగేశాక పొట్ట తగ్గింది, మనిషి మాట్లాడుతోంది. నర్సు రెబ్కా మందు సంచి తగిలిస్తుంటే జయకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది.

“అమ్మాయ్, ఇదన్నా అసలుదేనా?”

“అసలుదే పెద్దమ్మా. నేనే కలిపాను.”

“నీకు నా ఆస్తేం రాదుగా?”

రెబ్కా నవ్వాలో వద్దో తెలియక స్తుతి వైపు చూసింది. వార్డులో మిగిలిన కుర్చీల్లోంచి కూడా తలలు తిరిగాయి. ఎక్కించిన గంటకే వాంతులు పట్టుకున్నాయి. స్తుతి బేసిను పట్టుకుని నిలబడింది. ఆ వాంతుల మధ్య తల్లి అడిగింది, “జెస్సీయే కదే? పెళ్ళైన కాణ్ణించీ నా చేత మాటలు పడింది. పగబట్టిందంటావా?”

“తెలీదమ్మా.”

“తెలుసుకో. ఇంటికెళ్ళాక ఎవరి చేతి గంజి తాగాలో నాకు తెలియొద్దా?”

*

పాస్టరు మాట ముల్లులా గుచ్చుకుని ఊరుకోనివ్వలేదు. ఎకరాన్ని తల్లి పేరు మీదకు తిరిగి రాసేస్తే ఆ నింద పోతుందనుకుంది స్తుతి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసే గౌస్ బాషా దగ్గరకు వెళ్ళింది. అప్పుడు కాగితాలు రాసింది ఆయనే.

“కూర్చోండమ్మా. టీ చెప్పనా? ఎండ చూశారా, సిరా సీసాలోనే ఎండిపోతోంది.” విషయం విని నాలుక చప్పరించాడు. “గిఫ్టు ఇచ్చింది వెనక్కి ఇచ్చేయడమా? మా మార్క్ సారుకు చెప్పారా? ఆయన ఒప్పుకోడే. ఎంత పట్టుదల మనిషి. మీరు ఆ రోజు లేరుగానీ, ముసలమ్మ వేళ్ళు మిషను తిప్పికొట్టినప్పుడు నేనైతే ఆశ వదిలేశాను. ఆ చేతులు చూస్తే నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.”

“ఆయనేమన్నారు?”

“నవ్వాడు. ‘బాషా, కాగితాలు రాసి ఉంచు, ఈస్టర్ లోపల వేళ్ళు నేను తెస్తా’ అన్నాడు. పండగ మర్నాడికి అప్పుడే టైము కూడా తీసుకోమన్నాడు. నేనన్నా, వేళ్ళేమన్నా మీ షాపులో సరుకా సార్, తేవడానికి, అని. అన్నట్టే తెచ్చాడు. మీ వాళ్ళ ప్రార్థన గట్టిదమ్మా. నేను మా ఇంట్లో కూడా చెప్పాను.”

టీ వచ్చింది. స్తుతి గ్లాసు పట్టుకుంది కానీ పెదవి దాకా పోలేదు.

తల్లి చేతుల్లోంచి నెత్తురు కారుతున్న రోజది. వెన్న రాసినా మజ్జిగలో ముంచినా తగ్గని రోజులు. ఎప్పటికి బాగవుతాయో డాక్టరు కూడా చెప్పలేదు, మందు వాడినంత కాలం ఇంతే అన్నాడు. బాగవుతాయని, అదీ ఫలానా పండగ లోపలని, ముందుగా ఎవరికి తెలుస్తుంది? మందు ఆపబోయేవాడికి తెలుస్తుంది.

*

మార్క్ షాపులో మధ్యాహ్నం బేరం ఉండదు. షట్టరు సగం దించి ఉంది. స్తుతి వంగి లోపలికి వచ్చింది. అతను అరల్లో మందు పెట్టెలు సర్దుతున్నాడు.

“బాషా కనిపించాడు.”

“ఊఁ.”

“ఈస్టర్ లోపల వేళ్ళు తెస్తానన్నారంట.”

పెట్టె అరలో సరిగ్గా కూర్చోలేదు. మార్క్ దాన్ని బయటకు తీసి మళ్ళీ సరిచేశాడు. “వాడికి నోరెక్కువ.”

“ఎలా తెచ్చారండీ?”

అతను కౌంటరు వెనక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మొహంలో భయం లేదు. పని చెడిపోయిందన్న విసుగు ఉంది.

“మందు ఆపితే చర్మం వస్తుంది. మా వ్యాపారంలో ఎవరికైనా తెలుసు. ఒకటో రెండో కోర్సులు ఆపుదామనుకున్నా, అంతే. రిజిస్ట్రేషన్ అవగానే మళ్ళీ అసలు మాత్రలే పోద్దామనుకున్నా.”

“పోయలేదుగా.”

“ఎలా పోస్తాను? మీ అమ్మ ఊరందరి ముందూ చేతులెత్తి సాక్ష్యం చెప్పిందాయె. మళ్ళీ మందు పడితే మళ్ళీ చేతులు ఊడతాయి. ఎందుకు ఊడాయి, మధ్యలో ఎందుకు బాగయ్యాయి అని ఎవడో ఒకడు అడుగుతాడు. మీ అన్న అడగడా? ఆ డాక్టరు అడగడా?” చేతులు దులుపుకున్నాడు. “ఆవిడ సాక్ష్యమే ఆవిడ కాళ్ళకు అడ్డం పడింది. నేనేం చెయ్యను?”

స్తుతి కౌంటరు మీదకు వంగింది. “మా అమ్మ మిమ్మల్ని కొడుకన్నది.”

“ఇప్పటికీ అంటోంది. అననివ్వు. స్తుతీ, తొందరపడకు. అసలు మందు తిన్నా అది ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. పెద్దావిడకు కాలేయం కోస్తే బతికి బట్టకట్టేదని నీకు రాసిచ్చారా?”

“డాక్టరు తీసేద్దామన్నారు. కరుగుతోందన్నారు.”

“అన్నారు. సరే.” గొంతు తగ్గించాడు. “ఇప్పుడు నా పేరు చెప్తే ఏమవుతుందో ఆలోచించావా? ఎకరం నా పేరున లేదు. నీ పేరునే ఉంది. ఫోటో దిగి, వేలిముద్ర వేసి తీసుకున్నది నువ్వు. మొగుడూ పెళ్ళాలు కలిసి ముసలిదాన్ని చంపారంటారు. ఇస్కూల్లో పాఠం చెప్పనిస్తారా నిన్ను?”

“మరి మా వదిన?”

“దెబ్బలు ఎలాగూ తినేసింది. తిన్న దెబ్బలు వెనక్కి వస్తాయా? ఆవిడ వాళ్ళ అమ్మగారింటికి పోతుంది, నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు. పోలీసులొస్తే తిరిగేది కూడా ఆవిడ వంటింటి చుట్టూనే.” లేచి షట్టరు పైకెత్తాడు. బయట ఎవరో దగ్గు మందుకు నిలబడ్డారు. “రండి బాబాయ్, ఏం కావాలి?”

*

ఆదివారం జయకుమారి పట్టుబట్టింది. ముక్కులో గొట్టం తీసేశారు. కీమో ఒక విడత అయింది. మనిషి ఎండిన బెండకాయలా అయిపోయింది. “సోమవారం కల్లా తెచ్చి చేరుస్తామని చెప్పండి, ఒక్క ఆరాధన చూసొస్తా” అని డాక్టరును బతిమాలింది. కారు తోలుకొచ్చింది మార్కే. అత్తగారిని రెండు చేతులా ఎత్తి చర్చిలో కుర్చీలో కూర్చోబెట్టింది కూడా అతనే. స్తుతి పక్కన నడిచింది. షాపులో విన్నది ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

చర్చి సగం ఖాళీ. ఆటోల జనం రాలేదు. ప్రభువు బల్ల మీద ఆ వారం రొట్టె, ద్రాక్షరసం తప్ప ఒక్క మందు డబ్బా లేదు. క్రీస్తుదాసు వాక్యం చెబుతున్నంతసేపూ కిందకే చూశాడు. మగవాళ్ళ వైపు ముందు వరసలో ప్రసన్నకుమార్, పక్కన మార్క్. బయట చెప్పులు విడిచే చోట జెస్సీ కూర్చుని ఉంది. లోపలికి రానివ్వలేదు. పెదవి నల్లబడి వాచింది. కూతుర్ని తీసుకుపోవడానికి వాడరేవు నుంచి తల్లి వచ్చి, సంచి ఒళ్ళో పెట్టుకుని పక్కనే ఉంది. ఎండిన మిరపతొడిమల ఘాటు కల్లాల మీద నుంచి కిటికీల్లోకి కొడుతోంది.

సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరూ లేవలేదు. జయకుమారి మైకు అడిగింది.

“పండగనాడు ఇక్కడే నిలబడి ఈ చేతులు చూపించాను,” అంది. కొత్త స్పీకరులో ఆమె ఆయాసం కూడా పెద్దగా వినిపించింది. “ప్రభువు బాగుచేశాడన్నాను. ప్రభువు కాదంట. మనిషంట. మందు దొంగిలించి నా చేతులు నాకిచ్చాడంట. వేళ్ళిచ్చి పేగులు తీసుకున్నాడు.” ఊపిరి తీసుకుంది. “నా కోడలంటున్నారు. నేనూ అన్నాను. కొందరు అయ్యగారని అంటున్నారు. ఎవరైనా సరే, ఇక్కడే ఉంటే లేచి చెప్పండి. నేను తిట్టను. కేసు పెట్టను. ఉన్న నాలుగు రోజులూ ఎవరి చేతి నీళ్ళు తాగొచ్చో తెలిస్తే చాలు నాకు.”

వాకిట్లో జెస్సీ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. ప్రసన్నకుమార్ అటు తిరిగి పళ్ళు నూరాడు.

జయకుమారికి దగ్గు తెర వచ్చింది. ఒళ్ళంతా ఊగిపోయింది. అందరికన్నా ముందు లేచింది మార్కే. బల్ల పక్కనున్న కుండలోంచి గాజు గ్లాసులో నీళ్ళు ముంచి, రెండు చేతులతో పట్టుకుని అత్తగారి ముందు వంగాడు.

“చాలు అత్తయ్యా, ఇంక మాట్లాడకండి. కాసిని నీళ్ళు తాగండి.”

“నువ్వొక్కడివేరా నాకు మిగిలింది,” అంది జయకుమారి. చెయ్యి చాచింది. ఆ కొత్త వేళ్ళు గ్లాసు చుట్టూ మూసుకున్నాయి. తడి గాజు మీద అయిదు ముద్రలూ గీత గీతగా పడ్డాయి. గ్లాసు మూతి దాకా వచ్చింది.

మార్క్ తల తిప్పి స్తుతి వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు కూడా లేదు. ఆమె నోరు విప్పదని తెలిసిన ధీమా ఉంది.

స్తుతి లేచింది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ మోకాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళింది. తల్లి చేతిలోంచి గ్లాసు లాగి నీళ్ళు గచ్చు మీద పారబోసింది.

“ఏందే ఇది?” అంది జయకుమారి.

“ఈయన చేతి నీళ్ళు వద్దమ్మా.”

“స్తుతీ,” అన్నాడు మార్క్ మెల్లగా. “భూమి ఎవరి పేరున ఉందో మర్చిపోకు.”

తల్లి ఒళ్ళోని మైకు ఇంకా పలుకుతూనే ఉంది. ఆ మాట స్పీకర్లోంచి చర్చి అంతా, వాకిలి దాకా వినిపించింది. ప్రసన్నకుమార్ సగం లేచి నిలబడిపోయాడు. జెస్సీ తలెత్తింది.

స్తుతి మైకు అందుకుంది.

“నా పేరునే ఉంది. రేపు పోలీసుల ముందు కూడా అదే చెప్తాను. అన్నయ్యా, ముందు పోయి వదిన కాళ్ళ మీద పడు. అమ్మా, మందు మార్చింది వదిన కాదు, అయ్యగారూ కాదు. నువ్వు కొడుకన్నవాడే. నా మొగుడు. ఈ మార్క్.”